తువ్వాలు కింది చెయ్యి

మేడూరుపాలెం పసుపు యార్డులో ధర నోటితో చెప్పేవాణ్ణి కొత్తవాడనైనా అనుకుంటారు, తాగొచ్చాడనైనా అనుకుంటారు. అక్కడ బేరమంతా తువ్వాలు కిందే. కొనేవాళ్ల తరఫు దళారి వచ్చి బస్తాలోంచి ఒక కొమ్ము తీసి విరుస్తాడు, లోపలి రంగు చూస్తాడు, వాసన చూస్తాడు, పెదవి విరుస్తాడు. పెదవి విరవడం బేరంలో భాగం, దాన్ని ఎవరూ మనసుకు పట్టించుకోరు. తరవాత భుజం మీది తువ్వాలు తీసి రైతు చేతి మీద కప్పి, దాని కింద చెయ్యి దూర్చి వేళ్లు పట్టుకుంటాడు. మొదట పట్టుకున్న వేళ్లు ఎన్నో అన్ని వేల రూపాయలు, తరవాత పట్టుకున్నవి ఎన్నో అన్ని వందలు. పైకి మాత్రం ఇద్దరూ వానల గురించో, పిల్లల సంబంధాల గురించో మాట్లాడుకుంటూ ఉంటారు. చుట్టూ ఎంతమంది నిలబడినా ధర మాత్రం ఆ రెండు చేతుల మధ్యే ఉంటుంది. కుదిరితే తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటాడు, కుదరకపోతే పక్క రాశి దగ్గరికి పోతాడు.

ఇంత చక్కటి ఏర్పాటులో లోపమల్లా ఒక్కటే. పరాయి మగవాడి చెయ్యి పట్టుకోకూడదు కాబట్టి ఆడవాళ్లు బేరం చెయ్యలేరు. పసుపు నాటేది వాళ్లే, కలుపు తీసేది వాళ్లే, బానల్లో ఉడకబెట్టి కళ్లంలో ఆరబోసేదీ వాళ్లే. అమ్మే రోజున మాత్రం బస్తాల మీద కూర్చుని మగవాళ్ల మొహాలు చూస్తూ ఉండాలి. కోటేశ్వరమ్మ సంగతి కాస్త నయం. భర్త పోయినప్పటి నుంచీ ఆవిడకి కౌలు చేలో పసుపే ఆధారం, ఆవిడ తమ్ముడు బసవయ్య ఆ యార్డులోనే పేరుమోసిన దళారి. తమ్ముడి చెయ్యి పట్టుకుంటే తప్పులేదు కాబట్టి తమ్ముడితో మాత్రం ఆవిడ బేరం చెయ్యగలదు. అంటే యార్డు నిండా కొనేవాళ్లున్నా ఆవిడ పాలిట కొనేవాడు ఒక్కడే అన్నమాట. "ఇంకో దళారి ఎక్కువిస్తాడేమో, అడగొచ్చుగా అమ్మా," అని కూతురు హరిణి చిన్నప్పుడు ఒకసారి అంటే, "ఎట్టా అడిగేది? చెయ్యి ఎవురికిచ్చేది?" అని ఆవిడ బస్తా మూతి కుట్టుకుంటూ కూర్చుంది.

హరిణికి ఆ మాట మనసులో ముల్లులా దిగిపోయింది. పెద్ద చదువులు చదివి, మరమనుషుల అవయవాలు చేసే విద్య నేర్చుకుని, చివరికి ఎవరిదీ కాని చెయ్యి ఒకటి తయారు చెయ్యాలని కూర్చుంది.

ఆవిడ ప్రయోగశాల విజయవాడలో ఒక లారీ షెడ్డు పైన రెండు గదులు. కింద సుత్తి దెబ్బలు పడుతుంటే పైన మేజా మీది పరికరాలు ఎగిరి పడేవి. ఆవిడకి తోడు మస్తాన్‌వలి అనే ఒక్క ఇంజనీరు. ఆస్పత్రులకి కృత్రిమ అవయవాలు చేసే పని వదులుకుని మరీ వచ్చినవాడు. ఇద్దరూ కలిసి చేసిన రబ్బరు చేతికి అయిదు వేళ్లు, వేళ్ల లోపల సన్నటి గొట్టాలు, గొట్టాల్లో గోరువెచ్చటి నీళ్లు. పట్టుకుంటే మనిషి చెయ్యే అనిపిస్తుంది. ఎక్కడో సేలంలోనో సింగపూర్‌లోనో ఉన్న వ్యాపారి తనకి కావలసిన సరుకు, ఇవ్వగలిగిన పైధర చెబితే చాలు. యార్డులో తువ్వాలు కింద చెయ్యి బేరమాడి పెడుతుంది. కంప్యూటర్ తెర మీద టెండర్లు పెట్టొచ్చుగా, ఇదంతా ఎందుకని అడిగేవాళ్లకి ఆవిడ దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉండేది.

"తెరలు రెండుసార్లు పెట్టి చూశారు. కొనేవాళ్లంతా పొద్దున్నే ఫోన్లో మాట్లాడేసుకుని తెర మీద ఒకే ధర పెట్టారు. వ్యాపారం ఒక్కో దేశంలో ఒక్కో వేషం కడుతుందండీ. ఒకచోట బ్యాంకు మేనేజరు కోటు తొడుక్కుంటుంది, ఒకచోట పనివాళ్ల సంఘం జెండా పట్టుకుంటుంది, ఇంకోచోట నాలుగు కుటుంబాల ఇంటిపేరు పెట్టుకుంటుంది. మా ఊళ్లో భుజాన తువ్వాలు వేసుకుంటుంది. ఆ తువ్వాలు లాగేస్తే మా ఊరు మీతో మాట్లాడదు. దాని కిందికే దూరాలి."

చేతికి బేరం నేర్పడానికి గురువు కావాలి. గురువు ఇంట్లోనే ఉన్నాడు. బసవయ్య మొదట్లో "నా పొట్ట కొట్టే యంత్రానికి నేనే పాఠాలు చెప్పాలంటావా అమ్మాయ్" అని గునిశాడు గానీ, తన చేతికి పల్చటి పొర అంటించి, దాని కబుర్లన్నీ కంప్యూటర్‌లో గీతలుగా చూపించేసరికి మురిసిపోయాడు. రెండు సీజన్లు ఆ పొరతోనే బేరాలు చేశాడు. టీకొట్టు దగ్గర చేరి, "నా తెలివంతా తీగల్లోకి ఎక్కిస్తున్నారంట. మా మేనకోడలు చెప్పింది, నా నొక్కుకు పేరు కూడా పెట్టారంట," అని చెప్పుకునేవాడు.

రైతుల చేతులకి కూడా అలాంటి పొరలు అంటించాలని హరిణి ప్రయత్నించింది. ఒక్కడూ ఒప్పుకోలేదు. యార్డులో వట్టి చెయ్యి పెట్టడమే రైతు మర్యాద. "చేతికి ముసుగేసుకుని బేరానికి రమ్మంటావా? మేమేం దొంగ సరుకు తెచ్చామా?" అని కసిరారు. దళారిని అనే ధైర్యం లేదు కాబట్టి బసవయ్య పొర గురించి ఎవరూ నోరెత్తలేదు. హరిణి కూడా, రైతు చెయ్యి ఎలా ఉందో బసవయ్య చేతి పొరకి తెలుస్తూనే ఉందిగా, ఇంకేం కావాలి అనుకుని ఆ సంగతి వదిలేసింది.

రబ్బరు చెయ్యి యార్డుకొచ్చిన రోజు మగవాళ్లు నవ్వారు. ఆడవాళ్లు నవ్వలేదు, వరసలో నిలబడ్డారు. మొదటి చెయ్యి కోటేశ్వరమ్మది. తువ్వాలు కప్పారు. రబ్బరు వేళ్లు ఆవిడ వేళ్లు పట్టుకున్నాయి, ఆవిడ విడిపించుకుని మూడోవేలు అందించింది, అది వెనక్కి తగ్గింది, ఆవిడ తల అడ్డంగా ఊపి మళ్లీ అందించింది. కాసేపటికి తువ్వాలు తీసి, చేతిని మొహం దగ్గర పెట్టుకుని చూసుకుంది. "నా పసుపు ధర నేనే తేల్చానే హరిణీ," అంది. హరిణికి అంత సంతోషం అంతకు ముందు లేదు, ఆ తరవాత కూడా చాలాకాలం రాలేదు.

ఆ సీజన్‌లో ఆడవాళ్లంతా రబ్బరు చేతికే అమ్మారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆటోల్లో బస్తాలు వేసుకుని వచ్చి మరీ అమ్మారు. దేశమంతా పంటలు కొనే పంటబాట అనే కంపెనీ ఆ కబురు విని నివేదిత అనే అధికారిణిని పంపింది. మృదువుగా మాట్లాడే మనిషి, ఏదీ దాచే మనిషి కాదు. వచ్చే సీజన్ మొదలయ్యేలోపు హరిణి సంతకం పెడితే ఆ చెయ్యి రాష్ట్రంలో ఉన్న యార్డులన్నిటికీ వెళుతుంది, పసుపుకే కాదు, మిర్చికీ బెల్లానికీ పశువుల సంతలకీ కూడా. ప్రయోగశాలకి పదేళ్లు వెనక్కి చూసుకోవలసిన పని ఉండదు. సంతకం పెట్టకపోతే ఆ రెండు గదుల అద్దె కట్టే దారి కూడా లేదు. హరిణి పెడతానంది. ఎందుకు పెట్టదు? యార్డులన్నిటిలోనూ అమ్మలుంటారు కదా.

ఈలోగా, ఆ సీజన్ ఇంకా ముగియకముందే, ఒక పొద్దున బసవయ్యకి గుండెల్లో నొప్పి వచ్చింది. రక్తనాళం పూడిందని డాక్టర్లన్నారు, రబ్బరు చెయ్యి చేసిన పనేనని యార్డువాళ్లన్నారు. బేరాలు సగానికి సగం పోయినప్పటి నుంచీ ఆయన టీకొట్టు దగ్గర కూడా మాట్లాడటం మానేశాడన్నది మాత్రం నిజం. గుంటూరు ఆస్పత్రిలో ఆపరేషన్ చేశారు, గండం గడిచింది. కోటేశ్వరమ్మ తమ్ముడి మంచం వదలకుండా కూర్చుంది.

చేలో పనులు చూసిరమ్మని తల్లి పంపితే హరిణి మేడూరుపాలెం వెళ్లింది. పక్క చేను మరియమ్మ కళ్లంలో బాన కడుగుతూ కనిపించింది. మాటల్లో మాటగా, "మీ అమ్మ చెప్పలా? చెప్పదులే, కూతురు పరువు గదా," అంది.

"ఏం చెప్పలేదత్తా?"

"మేమిద్దరం ఒకే చేలోంచి విత్తనం గడ్డ తెచ్చి నాటాం, ఒకే బానలో ఉడకబెట్టాం, ఈ కళ్లంలోనే కలిపి ఆరబోశాం. ఒకే రోజు పొయ్యి నీ రబ్బరు చేతికే అమ్మాం. నాకంటే మీ అమ్మకి రెండు వేళ్లు, అంటే రెండొందలు, తక్కువ పడింది. రంగు తేడానా, తేమ తేడానా? ఏ తేడా లేదే. నిన్ను కన్న తల్లనైనా చూడలేదే అది, అనుకున్నా."

"ఏ రోజు?"

"మీ మావయ్యకి నొప్పొచ్చిన రోజే. అమ్మేసి ఆస్పత్రికి పోవాలని మీ అమ్మ ఒకటే గాభరా."

హరిణి ఆ సాయంత్రమే విజయవాడ వెళ్లి, మస్తాన్‌ని మేజా ముందు కూర్చోబెట్టి, బస్తాలోంచి గుప్పెడు కొమ్ములు ముందు పోసి, చేతితో బేరమాడమంది. అతను బేరమాడాడు. ధర కుదిరింది. తరవాత అతన్ని షెడ్డు మెట్లు నాలుగైదుసార్లు ఎక్కి దిగి రమ్మంది. అతను రొప్పుకుంటూ, చెమటలు కక్కుతూ వచ్చి కూర్చున్నాడు. అవే కొమ్ములకి మళ్లీ బేరం పెట్టారు. ఈసారి రబ్బరు వేళ్లు అతని వేళ్లని గట్టిగా పట్టి ఉంచి, ఎంతకీ పైకి రాలేదు. మొదటి ధర కంటే సరిగ్గా రెండు వేళ్లు తక్కువ దగ్గర ఆగిపోయాయి.

"పసుపు మారలేదక్కా, నేనే మారాను," అన్నాడు మస్తాన్ చెయ్యి తుడుచుకుంటూ. "అవతలివాడు తొందరలో ఉన్నాడని తెలిస్తే నొక్కి పెడుతోంది ఇది."

పాత రికార్డులు తీసి చూస్తే అనుమానానికి చోటే లేదు. ఆ సీజన్‌లో ఎవరి చెయ్యి చెమట పట్టిందో, ఎవరి నాడి తొందరగా కొట్టుకుందో, వాళ్లందరికీ తక్కువ పడింది. జబ్బు మనిషిని ఇంట్లో వదిలి వచ్చినవాళ్లు, వాన మబ్బు చూసి బెదిరినవాళ్లు, ఆ సాయంత్రానికి ఇంట్లో బియ్యం లేనివాళ్లు. అసలు బేరం అవసరమైనవాళ్లంతా. తన తల్లి లాంటి ఆడవాళ్లు ముప్పయ్యేళ్లు పట్టుకోలేని చేతిని తెచ్చి పట్టించి, హరిణి దానితోనే వాళ్ల మెడలు వంచిందన్నమాట.

మర్నాడు ఆస్పత్రికి వెళ్లింది. బసవయ్య దిండుకి ఆనుకుని కూర్చుని ఉప్పులేని పప్పన్నాన్ని తిట్టుకుంటున్నాడు. హరిణి జరిగిందంతా చెప్పింది. కోటేశ్వరమ్మ తల దించుకుంది.

"నాకు ఆ రోజే తెలిసిందిలే," అంది. "ఆ పట్టు మా తమ్ముడిదే, నేను గుర్తుపట్టనా? కాకపోతే వీడు నన్నెప్పుడూ అట్టా నొక్కలా."

"నిన్నెట్టా నొక్కుతానక్కా?" అన్నాడు బసవయ్య. "మిగతావాళ్లని నొక్కా. నొక్కకపోతే దళారినెట్టా అవుతా? అవసరంలో ఉన్నోడి దగ్గరే నాలుగు రూపాయలు మిగిలేది. నీ కూతురు దాన్నే తీగల్లోకి ఎక్కించింది, అందులో నా తప్పేముంది?"

అందులో అబద్ధమేమీ లేదు. అయినా హరిణికి ఒక సంగతి అంతుపట్టలేదు. మావయ్య ఇంతకాలం అందర్నీ నొక్కినా యార్డులో రైతులు బతికే ఉన్నారు, ఆయనకి మేడ కూడా లేవలేదు. ఆస్పత్రికి వస్తూ బస్సులో ఆయన బేరాల గీతలన్నీ మళ్లీ చూసుకుంది కూడా. గెలిచినన్ని బేరాలు ఓడాడు. లారీ లోడు కోసం నిలబడి ఉన్న రోజుల్లో, షావుకారు ఫోన్ల మీద ఫోన్లు చేసిన రోజుల్లో మరీ ఓడాడు.

"మావయ్యా, బేరంలో నీ చెయ్యి ఎప్పుడైనా వణికేదా?" అని అడిగింది.

"నా చెయ్యా? జన్మలో వణకలా. యార్డులో ఎవుర్నన్నా అడుగు. లారీ రోడ్డు మీదున్నా, షావుకారు పీకల మీద కూర్చున్నా, బసవయ్య చెయ్యి రాయి. రాయంటే రాయే."

మంచం పక్కన గుండె వేగం చూపించే తెర ఒకటి ఉంది. ఆయన ఈ మాటలంటుంటే దాని మీది అంకె గబగబా పైకి ఎక్కి, చిన్నగా కూతపెట్టడం మొదలుపెట్టింది. కోటేశ్వరమ్మ తెర వంక చూసింది, తమ్ముడి వంక చూసింది. బసవయ్య నోరు మూసుకుని పప్పన్నం వైపు తిరిగాడు. నర్సు పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగితే, "ఏం లేదమ్మా, గొప్పలు చెప్పుకుంటున్నాడు," అంది కోటేశ్వరమ్మ.

హరిణికి అంతా తెలిసిపోయింది. తువ్వాలు కింద ఇన్నాళ్లూ ఉన్నది రెండు చేతులు. దళారి రైతు అవసరాన్ని తడిమి చూస్తుంటే, రైతు దళారి అవసరాన్ని తడిమి చూసేవాడు. ఒకరి గుట్టు ఒకరి చేతిలో ఉండేది. వట్టి చేతుల మర్యాదకి అర్థం అదే. రైతులు పొర అంటించుకోనంటే సరేలే అని వదిలేసి, తను సగం బేరమే నేర్పింది. తన చెయ్యి అవతలివాళ్లని చదువుతుందే గాని, వాళ్లు తిరిగి చదవడానికి అందులో మనిషంటూ లేడు.

నివేదిత కాగితాలతో వచ్చిన రోజున హరిణి ఆవిడకి మెట్ల పరీక్ష చేసి చూపించింది. నివేదిత ఆశ్చర్యపోలేదు.

"మాకు తెలుసు హరిణి గారూ. దాని విలువే అది. తెర మీద టెండర్ అవతలి మనిషి ఎంత తొందరలో ఉన్నాడో చెప్పదు, మీ చెయ్యి చెబుతుంది. లేకపోతే మా బోర్డు ఇంత పెద్ద ఒప్పందానికి ఎందుకు ఒప్పుకుంటుంది? అయినా ఇందులో కొత్త అన్యాయం ఏముంది? మీ మావయ్య గారు జీవితమంతా చేసిన పనే కదా."

"ఆయన చేసినప్పుడు ఆయన చెయ్యి కూడా తువ్వాలు కిందే ఉండేది. మీ చెయ్యి ఎక్కడుంది?"

"మా దగ్గర ప్రోగ్రామ్ ఉంది. మనుషులు అక్కర్లేదు."

"ఇక మీదట కావాలి. కొనేవాళ్ల దగ్గర ఒక చేతి తొడుగు పెడతాను. అందులో ప్రాణమున్న మనిషి చెయ్యి ఉంటేనే యార్డులో ఈ చెయ్యి కదులుతుంది. ఆ మనిషి వేడి, చెమట, నాడి, వణుకు అన్నీ ఇక్కడి చేతిలోకి వస్తాయి. చదవాలనుకున్నవాళ్లు చదివించుకోవాలి."

నివేదిత కాగితాలు హరిణి వైపు జరిపింది. "చదవడం మాకు కావాలి, చదివించుకోవడం అక్కర్లేదు. దాపరికం లేకుండా చెబుతున్నాను, అలాంటి చేతిని ఏ కంపెనీ కొనదు. పదేళ్ల శ్రమ మీది, ఇంకోసారి ఆలోచించండి."

"కొనమనడం లేదండీ. మేడూరుపాలెం పసుపు కావాలంటే మాత్రం చెయ్యి పెట్టండి," అంది హరిణి. సంతకం పెట్టని కాగితాలు మర్యాదగా మడిచి తిరిగి ఇచ్చేసింది.

నివేదిత వెళ్లాక మస్తాన్ మేజా మీది పరికరాలు సర్దాడు. "నువ్వు చేసింది తప్పనడం లేదక్కా," అన్నాడు చివరికి. "నాకు ఇద్దరు పిల్లలు. నన్నొక మాట అడిగి ఉండాల్సింది." హరిణి అతన్ని అడగలేదన్నది నిజం, అడిగితే ధైర్యం చాలదేమోనన్నది కూడా నిజం. కొనేవాళ్ల తొడుగు పూర్తయ్యేదాకా అతను ఉండి, ఆ తరవాత పాత కృత్రిమ అవయవాల కంపెనీకే వెళ్లిపోయాడు. లారీ షెడ్డు పైన గదులు ఖాళీ చేశారు.

ఇక చేతిని ఎవరికివ్వాలి? హరిణి బాగా ఆలోచించి, ఎవరూ ఊహించని చోటికి తీసుకెళ్లింది. యార్డు దళారుల సంఘానికి. తన యంత్రం వల్ల బేరాలు పోగొట్టుకున్నవాళ్ల దగ్గరికే. సంఘం సమావేశానికి మరియమ్మనీ, అమ్ముకునే ఆడవాళ్లనీ కూడా పిలిచింది. ముందు ఆడవాళ్ల వైపు తిరిగి, పోయిన సీజన్‌లో చెయ్యి ఏం చేసిందో, ఎందుకు చేసిందో నీళ్లు నమలకుండా చెప్పింది. ఎవరికి తక్కువ పడిందో వాళ్లకి ఆ మాటలు వింటుంటేనే తెలిసిపోయింది. ఒకావిడ లేచి వెళ్లిపోయింది, మళ్లీ యార్డు మొహం చూడలేదు.

మరియమ్మ మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "నిన్ను తిడదామనే వచ్చా. తిట్టేది తర్వాత. ముందిది చెప్పు. ఈసారి నొక్కితే మాకు తెలుసుద్దా?"

"తెలుస్తుందత్తా. వాళ్ల చెయ్యి మీ చేతిలోనే ఉంటుంది."

"అయితే కూర్చుంటాలే," అని కూర్చుంది.

హరిణి చేతిని సంఘానికే ఇస్తానంది, రెండు షరతుల మీద. మొదటిది, తొడుగులో మనిషి చెయ్యి పెట్టనివాళ్లకి యార్డులో సరుకు లేదు. రెండోది, సంఘంలో ఆడవాళ్లు సభ్యులు. రెండో షరతు వినగానే సంఘం ప్రెసిడెంటు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఆడవాళ్లు సంఘంలో ఏమిటని నలుగురైదుగురు లేచారు. అప్పటికి బసవయ్య ఆస్పత్రి నుంచి వచ్చి నెలయింది. ఒళ్లు చిక్కిపోయి చొక్కా వేలాడుతోంది గానీ నోరు మాత్రం యథాస్థితికి వచ్చింది.

"కూర్చోండయ్యా, కూర్చోండి," అన్నాడు. "ఈ చెయ్యి కంపెనీవాడి దగ్గరుంటే యార్డులో మనం ఉండం. మన దగ్గరుంటే మనతోపాటు ఆడోళ్లుంటారు. రెండే దారులు. ఏది కావాలో తేల్చుకుని అరవండి. మా అక్క ముప్పయ్యేళ్లు నాకు తప్ప ఎవురికీ అమ్ముకోలేకపోయింది. అది నాకు లాభమే, కాదన్లా. ఇంక చాలు."

రెండు గంటలు అరిచారు. టీలు తాగి మళ్లీ అరిచారు. చివరికి ప్రెసిడెంటు సరేనంటూ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

సీజన్ మొదలైంది. మొదటి వారం పెద్ద కంపెనీ ఒక్కటి కూడా రాలేదు. యార్డులో బస్తాలు పేరుకుపోయాయి. చిన్న వ్యాపారులు కొందరు మాత్రం, చెయ్యి పెడితే ఏం పోయిందని తొడుగులు తగిలించుకుని కొన్నారు. దళారులు హరిణి వంక చూడటం మానేశారు. హమాలీల షెడ్డు పక్కన రేకుల గదిలో కూర్చుని ఆవిడ ఒక్కతే రబ్బరు చేతి గొట్టాలు సరిచేసుకుంటూ ఉండేది. తప్పు చేశానన్న అనుమానం మాత్రం ఒక్క పూట కూడా కలగలేదు.

రెండో వారంలో పంటబాట నుంచి కబురొచ్చింది. వాళ్ల ఓడ రేవులో ఆగి ఉంది. మేడూరుపాలెం పసుపు రంగు ఇంకెక్కడా దొరకలేదు. తొడుగు పంపించమన్నారు. లాభనష్టాలకి బాధ్యత వహించి అందులో చెయ్యి పెట్టే మనిషి కంపెనీలో ఎవరూ ముందుకు రాకపోతే, నివేదితే హైదరాబాద్‌లో తన ఆఫీసు గదిలో కూర్చుని పెట్టింది.

ఆ పొద్దున వరసలో కోటేశ్వరమ్మ ముందుంది. బసవయ్య తన భుజం మీది తువ్వాలు తీసి అక్క చేతి మీద కప్పాడు. యార్డంతా చుట్టూ చేరింది. కోటేశ్వరమ్మ రబ్బరు చేతిని పట్టుకుని ఒక్క క్షణం ఆగిపోయింది. పోయినసారి గోరువెచ్చగా ఉన్న చెయ్యి ఈసారి చల్లగా ఉంది, చెమట పట్టినట్టు తడిగా ఉంది. ఆవిడ ఎక్కువ ధర అడిగింది. అవతలి వేళ్లు వెనక్కి తగ్గాయి. ఆవిడ అదే వేలు మళ్లీ అందించింది. అవతలి చెయ్యి వణకడం మొదలైంది. తువ్వాలు అంచు కూడా కదిలింది, అందరూ చూశారు. మరియమ్మ వెనకనించి, "వదిలిపెట్టబోకు వదినా," అని గొణిగింది. అవతలి చెయ్యి కాసేపు పెనుగులాడి, చివరికి ఆవిడ అడిగిన వేళ్లన్నీ పట్టుకుంది. అడిగినంతా ఇస్తానంది.

కోటేశ్వరమ్మ ఆ చేతిని అలాగే పట్టుకుని ఆలోచించింది. తరవాత తనంత తనే ఒక వేలు మడిచి, తక్కిన వేళ్లు అందించి, బేరం అయిందని తల ఊపింది. బసవయ్య తువ్వాలు దులిపాడు. ఆయన మొహంలో నమ్మలేనితనం స్పష్టంగా కనిపించింది.

హరిణి ఫోను మోగింది. అవతల నివేదిత. ఊపిరి ఇంకా సర్దుకున్నట్టు లేదు.

"ఇప్పుడు తువ్వాలు కింద ఉన్నది ఎవరండీ?"

"మా అమ్మ."

"నేను మొత్తం ఇవ్వడానికి ఒప్పుకున్నాను. ఒక వేలు ఎందుకు వదిలేశారు? పొరపాటేమైనా జరిగిందా? జరిగితే ఇప్పుడే దిద్దుకుందాం, తరవాత గొడవలొద్దు."

హరిణికి కూడా అదే సందేహం. ఫోను పట్టుకునే తల్లి వైపు తిరిగింది. "ఒక వేలెందుకు తగ్గావమ్మా? వాళ్లు గత్యంతరం లేక ఉన్నారు. పట్టుకుని ఉంటే మొత్తం వచ్చేది."

"తెలుసులే, వచ్చేదే," అంది కోటేశ్వరమ్మ చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ. "గత్యంతరం లేనోళ్లని నొక్కకూడదనేగా నువ్వింత గొడవ చేసింది? పైగా రేపు మరియమ్మ బస్తాలున్నాయి, ఎల్లుండి ఇంకోళ్లవి. మనిషి మళ్లీ రావాలి గదా."

ఫోను తెరిచే ఉంది. ఆ మాటలు అవతలికి వినిపించాయి.

"రేపు కూడా చెయ్యి నేనే పెడతానని ఆవిడకి చెప్పండి," అంది నివేదిత.

హరిణి చెప్పబోయేసరికి తల్లి అక్కడ లేదు. మరియమ్మని వెంటబెట్టుకుని, ఆ చెయ్యి ఎలా ఉందో, ఎక్కడ దాకా అడగొచ్చో చెబుతూ, పక్క రాశి దగ్గరికి వెళ్లిపోతోంది.